సుషీ బల్ల దగ్గర: ముందు అన్నం, తర్వాతే చేప

సుషీ అనగానే మనవాళ్ళలో చాలామందికి పచ్చి చేప గుర్తుకు వస్తుంది, ఆ వెంటనే ముఖం చిట్లిపోతుంది. టోక్యోలో ఉంటూ, ఊరి నుంచి వచ్చే బంధుమిత్రులను సుషీ దుకాణాలకు తీసుకువెళ్ళడం అలవాటైన తర్వాత నాకు ఏర్పడిన అభిప్రాయం మాత్రం వేరు. సుషీ అన్నంతో చేసే వంటకం. వెనిగర్, ఉప్పు, కొద్దిగా చక్కెర పట్టించిన పుల్లటి అన్నమే అందులో అసలు సరుకు. చేప దానికి నంజుడు. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలు మాత్రమే వడ్డిస్తే జపాన్‌లో దానిని సషిమి అంటారు గాని సుషీ అనరు. చేపకు బదులు దోసకాయ పెట్టినా, గుడ్డుతో చేసిన తీపి అట్టు పెట్టినా, పుల్లటి అన్నం ఉంటే అది సుషీయే. ఈ సంగతి మనసులో పెట్టుకుని లోపలికి వెళితే ఏమి అడగాలో, ఏ వరుసలో తినాలో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

జపాన్‌లో సుషీ తినడానికి స్థూలంగా మూడు రకాల చోట్లు ఉన్నాయి. మొదటిది తిరిగే పట్టీ మీద పళ్ళేలు వచ్చే కైతెన్ సుషీ. షిరాయిషి యోషియాకి అనే ఆయన బీరు కర్మాగారంలో సీసాలు పట్టీ మీద కదిలిపోవడం చూసి, అదే పద్ధతిలో 1958లో ఒసాకా పక్కన ‘గెన్‌రోకు’ పేరుతో ఇలాంటి మొదటి దుకాణం తెరిచాడు. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో దానికి దేశమంతటా పేరు వచ్చింది. ఇప్పుడు పేరుకే అది తిరిగే సుషీ. 2023 జనవరిలో ఒక కుర్రవాడు దుకాణంలోని సోయా సాస్ సీసాను నాకుతున్న వీడియో దేశమంతా చూసి గగ్గోలు పెట్టిన తర్వాత, చాలా గొలుసు దుకాణాలు పళ్ళేలను ఊరికే తిప్పడం మానేశాయి. తెర మీద బొమ్మను తాకితే, మనం అడిగిన పళ్ళెం మాత్రమే మన బల్ల ముందుకు వచ్చి ఆగుతుంది. భాష రానివారికి, పిల్లలున్నవారికి ఇంతకంటే సుఖం లేదు. బల్ల అంచున నల్లటి మీట ఉన్న కొళాయి ఒకటి కనిపిస్తుంది. అది చేతులు కడుక్కోవడానికి కాదు, తేనీటి పొడి మీద పోసుకునే మరిగే నీళ్ళది. పిల్లలను దానికి దూరంగా కూర్చోబెట్టడం మంచిది.

మూడో రకం గురించి రెండోదానికంటే ముందే చెప్పేస్తాను, ఎందుకంటే దాని గురించి చెప్పవలసింది తక్కువ. టోక్యోలోని గింజా వంటి చోట ఎనిమిది పది కుర్చీలుండే ప్రఖ్యాత దుకాణాలలో ఒమాకసె పద్ధతి నడుస్తుంది. అంటే ఏమి పెట్టాలో, ఏ వరుసలో పెట్టాలో అంతా చేసేవారి ఇష్టం. మనిషికి ముప్పై వేల యెన్లు, ఆపైన అవుతుంది. వారాల ముందు చోటు ఖాయం చేసుకోవాలి. చివరి నిమిషంలో మానుకుంటే పూర్తి సొమ్ము వసూలు చేసే చోట్లూ ఉన్నాయి. అక్కడి పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ మొదటిసారి తినేవారిని అక్కడికి తీసుకువెళితే వారు రుచిని కాకుండా ధరను నములుతూ కూర్చుంటారు.

నేను తీసుకువెళ్ళేది రెండో రకం చోటుకు, అంటే పేటకొకటి చొప్పున ఉండే మామూలు సుషీ దుకాణానికి. గుమ్మానికి గుడ్డ తెర, లోపల చెక్క బల్ల, దాని మీద చల్లటి గాజు పెట్టెలో చేపలు, గోడకు వరుసగా వేలాడే, చేపల పేర్లు రాసిన చెక్క పలకలు, బల్ల వెనుక అరవై దాటిన పెద్దాయన ఒకరు, ఆయనకు సాయంగా ఇంటావిడ. ఇటువంటివి ఏటేటా తగ్గిపోతున్నాయి, వారసులు దొరకక మూతపడుతున్నాయి. మధ్యాహ్నం పూట వెళితే రెండు వేల యెన్ల లోపే కడుపు నిండే చోట్లు ఇంకా ఉన్నాయి. పని కళ్ళముందే జరుగుతుంది, మాట్లాడితే జవాబు వస్తుంది, అన్నం అప్పటికప్పుడు చేతిలో ముద్దవుతుంది. పట్టీ దుకాణాలలో అన్నం ముద్దలను యంత్రం తయారుచేస్తుంది. చేప బాగానే ఉంటుంది గాని తేడా ఆ ముద్ద దగ్గరే తెలుస్తుంది.

అన్నానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే ఈ వంటకం పుట్టుకే అన్నంలో ఉంది. బివా సరస్సు ఉన్న షిగా ప్రాంతంలో ఇప్పటికీ చేసే ఫునజుషి, సుషీకి పాత రూపం. అక్కడ సరస్సు చేపను నెలల తరబడి ఉప్పులో ఉంచి, తర్వాత అన్నంతో కలిపి పీపాలో బరువు కింద ఏడాదికి పైగా పులియనిస్తారు. అన్నంలోని పులుపు చేపను పాడవకుండా కాపాడుతుంది. తినేటప్పుడు ముద్దగా మారిన ఆ అన్నాన్ని చాలావరకు తుడిచేస్తారు. వాసన ఘాటుగా ఉంటుంది, దానికి అలవాటు పడాలంటే ఓపిక కావాలి. కాలక్రమంలో అంత ఓపిక లేనివారు అన్నం పులిసేదాకా ఆగకుండా దానికి వెనిగర్ కలపడం మొదలుపెట్టారు. ఈనాటి టోక్యో అయిన ఎదో నగరంలో, 1820ల ప్రాంతంలో, ఆ వెనిగర్ అన్నాన్ని చేతితో ముద్ద చేసి పైన చేప ముక్క పెట్టి అందించే నిగిరి సుషీ ప్రచారంలోకి వచ్చింది. ఆ ఘనతను సాధారణంగా హనాయా యోహెయ్ అనే వ్యాపారికి ఇస్తారు. అప్పటిది వీధి బండి తిండి. ముద్ద ఇప్పటికంటే బాగా పెద్దది. ఇప్పటి ఐచి జిల్లాలోని హందా పట్టణం నుంచి నకానో మతజాయెమోన్ అనే సారా వ్యాపారి, సారా తీయగా మిగిలిన మడ్డితో చేసిన ఎర్ర వెనిగర్‌ను ఓడల మీద ఎదోకు పంపేవాడు. అది చవకగా దొరకడం కూడా ఈ బండ్ల వ్యాపారానికి కలిసివచ్చింది. 1804లో ఆయన మొదలుపెట్టిన ఆ వ్యాపారమే నేటి మిజ్‌కాన్ సంస్థ. కొన్ని దుకాణాలలో అన్నం లేత గోధుమ రంగులో కనిపిస్తే పాత అన్నమేమోనని అనుమానించనక్కర లేదు, అది ఆ ఎర్ర వెనిగర్ రంగు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండి గింజలకు కటకట వచ్చి, 1947లో భోజనశాలల మీద ప్రభుత్వం ఆంక్షలు విధించినప్పుడు సుషీవారు ఒక ఉపాయంతో గట్టెక్కారు. తాము తిండి అమ్మడం లేదు, తెచ్చిన బియ్యాన్ని సుషీగా చేసిపెట్టి కూలి తీసుకుంటున్నాము అని వాదించి అనుమతి సంపాదించారు. ఒక గో, అంటే సుమారు 150 గ్రాముల బియ్యం తెచ్చినవారికి పది సుషీలు. ఈనాటికీ దుకాణాలలో ఒక మనిషికి సరిపడే వంతు ఇంచుమించు అంతే ఉంటుంది.

ఆ వంతునే ఒకిమారి అంటారు, అంటే ఖాయమైన పళ్ళెం. మామూలు, మేలు, మరీ మేలు అని సాధారణంగా మూడు తరగతులుంటాయి. ధర పలక మీద రాసి ఉంటుంది. రెండో పద్ధతి ఒకొనొమి, అంటే ఒక్కొక్కటే మనకు కావలసినది అడిగి చేయించుకోవడం. కొత్తవారికి నా సలహా ఒకటే: మొదట మామూలు ఒకిమారి పళ్ళెం చెప్పండి, అది అయిన తర్వాత నచ్చినవి రెండో మూడో ఒకొనొమిగా అడగండి. ఇలా చేస్తే ఖర్చు అదుపులో ఉంటుంది, దుకాణదారుకు మన రుచి తెలుస్తుంది, మనకు ఆయన చెయ్యి తెలుస్తుంది. గోడ మీది పలకలలో కొన్నిటికి ధర ఉండదు, ఏ రోజు బజారు ధర ఆ రోజుది. అలాంటిచోట “ఇద్దరికి పది వేల లోపు చూడండి” అని ముందే చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. చెప్పకుండా కూర్చుని ప్రతి ముద్దకూ లోలోపల లెక్కలు వేసుకోవడమే ఇబ్బంది. చేప కింద రాసే వసాబి అనే పచ్చటి ఘాటు ముద్ద పడనివారు “సబి నుకి” అంటే చాలు, అది లేకుండా చేసిపెడతారు.

ఆ మధ్య భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బాబాయి, పిన్ని వచ్చినప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం అలాంటి దుకాణానికే తీసుకువెళ్ళాను. పిన్ని శనివారం నీచు ముట్టదు. అయినా ఒంటరిగా ఇంట్లో ఉండనని బయలుదేరింది. లోపలికి అడుగుపెట్టగానే ఆమె కొంగు ముక్కు దగ్గరకు వెళ్ళి, మళ్ళీ కిందికి దిగింది. చేపల వాసనే లేదు. మంచి సుషీ దుకాణానికి ఇదే మొదటి పరీక్ష అని నేను నమ్ముతాను. గుమ్మంలో నీచు వాసన తగిలితే వెనక్కి తిరగవచ్చు. లోపల తెలిసేది కొద్దిగా వెనిగర్ ఘాటు, కడిగిన చెక్క వాసన. ఈ కారణం వల్లనే ఇలాంటి చోట్లకు గాఢమైన అత్తరు పూసుకుని వెళ్ళకూడదంటారు.

వేడి తడి తువ్వాలు, అరచేతిలో పట్టనంత పెద్ద కప్పులో వేడి తేనీరు ముందుగా వచ్చాయి. పెద్దాయన పని మొదలుపెట్టాడు. పక్కనే మూత పెట్టిన చెక్క తొట్టిలో అన్నం ఉంది. ఆ అన్నం వేడిగా ఉండకూడదు, చల్లబడిపోకూడదు, ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. వెనిగర్ కలిపిన నీటితో అరచేతులు తడుపుకుని, కుడిచేతితో తొట్టిలోంచి చిటికెలో అన్నం తీశాడు. ఇరవై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, మళ్ళీ తీసినా అంతే వస్తుంది. ఎడమచేతి వేళ్ళ మీద చేప ముక్క పరిచి, కుడి చూపుడువేలి కొసతో దానికి కాస్త వసాబి రాసి, అన్నం దాని మీద ఉంచి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కాడు. అక్కడ గాలి ఉంటుంది. తర్వాత ముద్దను తిరగేసి, రెండు వేళ్ళతో పైనుంచి ఒకటి రెండు సార్లు అదిమాడు, అంతే. కొన్ని క్షణాల పని. బల్ల మీద పెట్టగానే ఆ ముద్ద కొద్దిగా కిందికి జారి కుదురుకున్నట్టు కనిపించింది. లోపల గాలి ఉండటం వల్ల అలా జరుగుతుంది. వేళ్ళతో తీస్తే విడిపోనంత గట్టిగా, నోట్లో వేసుకుంటే గింజగింజ విడిపోయేంత వదులుగా ఉండాలి. ఏళ్ళ తరబడి నేర్చుకునేది ఈ అదుమునే.

“చేత్తో తినవచ్చునా?” అని బాబాయి మెల్లగా అడిగాడు. నిక్షేపంగా తినవచ్చు. నిగిరి పుట్టినప్పటి నుంచీ చేతి తిండే. చాప్‌స్టిక్స్‌తో తిన్నా ఎవరూ ఏమీ అనరు. తెలుసుకోవలసినది సోయా సాస్ సంగతి. ముద్దను పక్కకు ఒరిగించి చేప అంచు మాత్రమే సాస్‌లో తాకించాలి. అన్నాన్ని ముంచితే అది సాస్‌ను పీల్చుకుని చిన్న గిన్నెలోనే విడిపోతుంది, నోటికి ఉప్పు తప్ప ఇంకేమీ తెలియదు. పెద్దాయన తానే కుంచెతో సాస్ రాసి ఇచ్చినవాటికి మళ్ళీ ముంచవలసిన పనే లేదు. ఒక్కో ముద్దనూ ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. పెద్దదనిపిస్తే అన్నం తగ్గించమని అడగవచ్చు. పెట్టిన వెంటనే తినాలి. ఫోటోల కోసం ముద్దలను అలా వదిలేసేవారిని చూస్తే నాకే ప్రాణం ఉసూరుమంటుంది, చేసినవారికి ఎలా ఉంటుందో. పక్కన పెట్టే అల్లం ఊరగాయ, అంటే గారి, ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య నోరు శుభ్రపడటానికే గాని సుషీ మీద పరుచుకోవడానికి కాదు.

వరుస గురించి రకరకాల నియమాలు చెబుతారు. తేలిక రుచిగల తెల్ల చేపతో మొదలుపెట్టి, వెండి చర్మపు చేపలు, ట్యూనా, తర్వాత కొవ్వు ఎక్కువగలవి, చివర తీపి సాస్ పూసిన అనగో అనే సముద్రపు పాము చేప, గుడ్డు అట్టు, నాచు రేకులో అన్నం పెట్టి చుట్టే చుట్టలు. ఇందులో తర్కం ఉంది, ముందే కొవ్వు తింటే తర్వాత తెల్ల చేప చప్పగా అనిపిస్తుంది. అయినా ఇది చట్టం కాదు. మొదటే గుడ్డు అట్టు అడిగితే తినేవాడు గొప్ప రసికుడని ఒక మాట, ఏమీ తెలియనివాడని ఇంకో మాట చెబుతారు. రెండింటినీ పట్టించుకోనక్కర లేదు.

ఆ రోజు బాబాయి పళ్ళెంలో ఆయనను కట్టిపడేసినవి ట్యూనా కాదు, రొయ్యా, కొహదా అనే చిన్న చేపా.

రొయ్య ఉడికించినది, కురుమ జాతిది, చారల మీద ఎరుపు తేలి ఉంది. “ఇదెంత కౌంటు ఉంటుందిరా?”, అంటే కిలోకు ఎన్ని తూగుతాయి, అన్నది ఆయన మొదటి ప్రశ్న. రెండోది, ఉడికించినా వంకర తిరగకుండా అంత తిన్నగా ఎలా ఉంది అని. ఉడికించే ముందు పొట్ట వైపు నుంచి వెదురు పుల్ల గుచ్చుతారు, ఉడికాక తీసేస్తారు. ఆ పుల్ల వేసిన సన్నటి గీతను పెద్దాయన ఒక రొయ్యను తిప్పి చూపించాడు. ఈ కురుమ రొయ్యకూ బాబాయి వృత్తికీ ఒక చుట్టరికం ఉంది. ఫుజినాగా మొతోసాకు అనే జపాన్ శాస్త్రవేత్త 1930ల తొలినాళ్ళలో ఈ జాతి రొయ్యల చేతనే బంధంలో గుడ్లు పెట్టించి, పిల్లలను పొదిగించి పెంచడంలో విజయం సాధించాడు. ప్రపంచంలో నేడున్న రొయ్యల హేచరీల పరిజ్ఞానానికి మూలం అదే. మన కోస్తాలో టైగర్ రొయ్యల రోజులలో జపాన్ పెద్ద కొనుగోలుదారు. 2009లో వనామీ అనే మరో రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక సరుకు ఎక్కువగా అమెరికా దారి పట్టింది. ఈ మాటలన్నీ నేను జపనీస్‌లోకి మార్చి చెబుతుంటే పెద్దాయన రెండు చేతులూ ఆపి విన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, వేయించిన రొయ్య తలలు రెండు చిన్న పళ్ళెంలో పెట్టి బాబాయి ముందుకు తోశాడు. పట్టీ దుకాణంలో తెర ముందు కూర్చుంటే ఇది జరగదు.

కొహదా వెండి చర్మం మీద నల్లటి చుక్కలుండే చిన్న చేప. పాత టోక్యో పద్ధతికి ఇది గీటురాయి అని సుషీవారు భావిస్తారు, ఎందుకంటే దీనిని పచ్చిగా పెట్టరు. చీల్చి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో నానబెడతారు. ఎంతసేపు అన్నది ఆ రోజు చేప పరిమాణాన్ని, కొవ్వును, వాతావరణాన్ని బట్టి మారుతుంది. కొద్దిగా తక్కువైతే నీచు, ఎక్కువైతే వెనిగర్ తప్ప చేప మిగలదు. ట్యూనా బాగుంటే ఆ మెప్పు చాలావరకు కొన్న సరుకుది. కొహదా బాగుంటే మెప్పంతా చేతిదే. ఒక దుకాణం ఎలాంటిదో తెలుసుకోవాలంటే నేను అడిగేది ఇదే. చేప పెరిగేకొద్దీ పేరు మారుతుంది, వేసవిలో వచ్చే మరీ పిల్ల చేపను షిన్‌కో అంటారు, దాని ధర మొదటి రోజులలో ఆకాశంలో ఉంటుంది. ఇక్కడ బాబాయి ఊరుకోలేకపోయాడు. సముద్రంలో విలసగా ఉన్నది వరదల కాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చి పులస అవుతుంది, పుస్తెలమ్మి అయినా తినాలని మా వైపు సామెత, అది కూడా చెప్పరా ఆయనకు అన్నాడు. చెప్పాను. నిజానికి కొహదా, పులస దగ్గరి బంధువులే, రెండూ ముళ్ళకు పేరుపడ్డ చేపలే. “మరి దీంట్లో ముళ్ళేవి?” అన్నాడు బాబాయి. చిన్న ముళ్ళు వెనిగర్‌కు మెత్తబడిపోయి నోటికి తగలవు. మనం రాత్రంతా సన్నని సెగ మీద పులుసులో ఉంచి సాధించే పనిని వీళ్ళు పొయ్యి వెలిగించకుండా సాధించారని ఆయన ఒప్పుకున్నాడు, రుచి విషయంలో మాత్రం ఒప్పుకోలేదు.

పచ్చి చేప వల్ల జబ్బు చేస్తుందేమో అన్న భయం సహేతుకమైనదే, దానిని నవ్వి కొట్టిపారేయడం సరికాదు. సముద్రపు చేపలలో అనిసాకిస్ అనే సన్నని పురుగు ఉండవచ్చు, మన కానాగంతల కుటుంబానికే చెందిన సబా చేపలో ఇది ఎక్కువ. వెనిగర్‌కు, వసాబికి ఇది చావదు. ఉడికించాలి, లేదా మైనస్ 20 డిగ్రీల చలిలో కనీసం 24 గంటలు ఉంచాలి. అనుభవజ్ఞులు కంటితో వెతికి తీసేస్తారు. సాల్మన్ విషయం కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఈనాడు పట్టీ దుకాణాలలో పిల్లలు మొదట అడిగేది సాల్మనే గాని, జపాన్‌లో సాల్మన్‌ను పచ్చిగా తినే అలవాటు పాతది కాదు. అక్కడి నదుల సాల్మన్‌లో పురుగు భయం ఉండేది. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అమ్ముకోవడానికి జపాన్‌లో పట్టుబట్టి ప్రచారం చేసిన తర్వాతే అది సుషీ మీదికి ఎక్కింది. అందుకే పాత పద్ధతి పాటించే దుకాణాలు కొన్నింటిలో సాల్మన్ అడిగితే లేదంటారు.

ట్యూనా కథ ఇంకా విచిత్రం. ఎదో కాలంలో దాని ఎర్ర కండనే సోయా సాస్‌లో నానబెట్టి వాడేవారు. త్వరగా పాడయ్యే కొవ్వు పొట్ట భాగానికి విలువ ఉండేది కాదు. ఇప్పుడు ఆ పొట్ట భాగం, అంటే ఒతొరో, పలకల మీద అన్నిటికంటే ఖరీదైనది. టోక్యోలోని త్సుకిజి చేపల బజారు 2018 అక్టోబరులో తొయోసుకు తరలిన తర్వాత, 2019 కొత్త సంవత్సరపు తొలి వేలంలో 278 కిలోల ట్యూనా ఒకటి 33.36 కోట్ల యెన్లు పలికింది. అది ప్రచారం కోసం పెట్టిన ధర, రుచికి పెట్టింది కాదు. నన్ను అడిగితే ఒతొరో ఒక్క ముద్ద చాలు, రెండోది వెగటు. పుల్లటి అన్నానికి ఎర్ర కండే సరిజోడు.

ఇక పిన్ని సంగతి. శాకాహారులకు సుషీ దుకాణంలో ఏమీ దొరకదనడం నిజం కాదు గాని, కంటికి శాకంగా కనిపించేదంతా శాకం కాదన్నది నిజం. ఎండబెట్టిన చేప తురుముతో కాచిన దాషి అనే రసం జపాన్ వంటలో ప్రతిచోటా చేరుతుంది. మిసో సూప్‌లో ఉంటుంది, గుడ్డు అట్టులో ఉంటుంది, తీపిగా ఉడికించిన తోఫూ సంచిలో అన్నం కూరిన ఇనారిలో ఉండవచ్చు, రాసి ఇచ్చే సాస్‌లో కూడా ఉండవచ్చు. అందుచేత అడిగి తెలుసుకోవాలి. మాంసం లేదా, చేప లేదా అని కాకుండా దాషి ఉందా అని అడగాలి. నిర్భయంగా తినదగినది కప్పా మాకి: అన్నం, దోసకాయ, కొంచెం నువ్వులు, బయట నోరి అనే సముద్రపు నాచు రేకు. ముల్లంగి ఊరగాయ చుట్ట, పుల్లటి ఉమె పండు గుజ్జు చుట్ట కూడా సాధారణంగా పనికివస్తాయి. నత్తో అనే పులిసిన సోయా గింజల చుట్ట శాకమే అయినా, ఆ జిగురూ వాసనా చూసి కొత్తవారు పారిపోతారు.

పిన్నికి అన్నిటికంటే ఆసక్తి కలిగించినది కన్‌ప్యో. అది సొరకాయ. తొచిగి ప్రాంతంలో పండే ఒక రకం గుండ్రటి సొరకాయను పొడవాటి రిబ్బన్లుగా కోసి ఎండబెడతారు. దానిని నానబెట్టి సోయా సాస్, చక్కెరతో ఉడికించి అన్నంలో చుడతారు. పాత టోక్యో పద్ధతిలో భోజనాన్ని ఈ చుట్టతోనే ముగించేవారు. పెద్దాయనను అడిగితే, ఇంటావిడ దానిని దాషి లేకుండానే వండుతుందని చెప్పాడు. సొరకాయ వడియాలు పెట్టే పిన్ని, ఆ రిబ్బన్ ముక్కను చుట్టలోంచి గోటితో లాగి వెలుతురుకు పట్టి చూసి, ఎన్నాళ్ళు ఎండబెడతారో అడగమంది. మంచి ఎండ ఉంటే రెండు రోజులట. చుట్టలు చేతికి రాగానే తినాలని ఆమెకు మరీ మరీ చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే నోరి కరకరలాడేది కొద్ది నిమిషాలే, తర్వాత అన్నంలోని తడికి సాగుతుంది. సముద్రపు ఉర్చిన్ అనే ముళ్ళ ప్రాణి లోపలి మెత్తటి భాగం, సాల్మన్ గుడ్లు వంటి జారిపోయే సరుకు పెట్టడానికి నోరితో గోడ కట్టే గుంకన్ పద్ధతి 1941లో గింజాలోని క్యూబేయ్ దుకాణంలో పుట్టిందని చెబుతారు. దానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

వసాబి గురించి ఒక్క మాట. ట్యూబులలో వచ్చే పచ్చటి ముద్దలో చాలావరకు ఉండేది హార్స్‌రాడిష్ అనే వేరే ఘాటు దుంప. అసలు వసాబి షిజుఒకా కొండల చల్లటి పారే నీటిలో పెరిగే దుంప. సొర చేప చర్మం అతికించిన పలక మీద గుండ్రంగా, నెమ్మదిగా నూరితే వచ్చే ఘాటు ముక్కుకు ఎక్కి వెంటనే దిగిపోతుంది, వెనుక కాస్త తీపి మిగులుతుంది. నూరిన కొద్దిసేపటికే ఆ వాసన ఎగిరిపోతుంది. ఆవపిండి ఊరగాయ తిని పెరిగినవారికి ఆ ఘాటు కొత్త కాదు, వదిలిపోయే తీరే కొత్త.

ముగించేటప్పుడు చేతి సైగ చాలు, లేదా “ఒకైకె ఒనెగాయిషిమాస్” అంటే లెక్క చూస్తారు. టీకి, సోయా సాస్‌కు, డబ్బుకు దుకాణంవారిలో వారికి వేరే మాటలున్నాయి. అవి వారి వృత్తి భాష, మనం వాడనక్కర లేదు. టిప్పు ఇవ్వకూడదు, ఇస్తే వెంటపడి తిరిగి ఇస్తారు. చిన్న దుకాణాలలో కార్డు తీసుకోకపోవచ్చు, నగదు దగ్గర ఉంచుకోండి. తినడం అయిపోయాక కుర్చీలో కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడం బాగుండదు, ఉన్నవే పది కుర్చీలు, గుమ్మం బయట ఎవరో ఒకరు వేచి ఉంటారు. ఆదివారాలు, చాలా బుధవారాలు తొయోసు బజారుకు సెలవు కాబట్టి పేట దుకాణాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం పూట పదకొండున్నరకు తలుపు తీయగానే వెళితే బల్ల దగ్గర చోటు, అప్పుడే కలిపిన అన్నం, రెండూ దొరుకుతాయి.